దౌత్య పట్టా.. దేశమంత అప్పు!

వాషింగ్టన్, న్యూయార్క్‌లలో పేరున్న వర్సిటీల్లో అంతర్జాతీయ సంబంధాల్లో మాస్టర్స్ చేయాలంటే కొన్నిచోట్ల ఏడాది ఫీజే 60 వేల డాలర్ల పైమాట. అలా రెండేళ్లు. తిండీ అద్దే అదనం. అంత పోసి చదివిన వాడిని ఐక్యరాజ్యసమితి సచివాలయం సాదరంగా లోపలికి పిలుస్తుంది, ఇంటర్న్‌గా. జీతం ఉండదు. న్యూయార్క్ ఇంటద్దె మాత్రం ఉంటుంది.

పోనీ అమెరికా సర్కారు కొలువులో చేరి పదేళ్లు వాయిదాలు కడితే చదువు కోసం చేసిన ఫెడరల్ అప్పులో మిగిలింది మాఫీ అన్నారు. వినడానికి బాగుంది. కానీ 2025లో విదేశాలకు సాయం చేసే అమెరికా సర్కారు సంస్థ యూఎస్‌ఎయిడ్‌కు తాళం పడింది. అదే ఏడాది జులైలో విదేశాంగ శాఖ 1,300 మందికి పైగా ఉద్యోగులకు ఉద్వాసన పలికింది. కొత్త పట్టభద్రుడు ఇక ఉద్యోగం కోసం పోటీపడాల్సింది, నిన్నటిదాకా తాను ఎవరిలా కావాలనుకున్నాడో వాళ్లతోనే!

సిలబస్‌లో అప్పుల్లో మునిగిన దేశాల గురించీ చెబుతారు. 2022లో శ్రీలంక కట్టలేనంటూ చేతులెత్తేసింది. ఐఎంఎఫ్ ఆదుకుంది, అప్పిచ్చినవాళ్లు కూర్చుని మాట్లాడి గడువులు పెంచారు. అదే పాఠం చదివిన విద్యార్థి చేతులెత్తేస్తే? అమెరికా దివాలా చట్టంలో క్రెడిట్ కార్డు బాకీ వదిలినంత తేలిగ్గా చదువు అప్పు వదలదు.

అందుకే తెలివైనవాడు దరఖాస్తుకు ముందే ఓ చిన్న దీవి చూసుకుని స్వతంత్రం ప్రకటించుకోవాలి. అప్పు దేశం పేరు మీద రాయించుకుంటే ఎగ్గొట్టినా అప్పిచ్చినవాళ్లే చర్చలకు పిలుస్తారు. టీ, బిస్కెట్లు వాళ్లవే.