401 విద్యలు

నేను కాసియో ఎఫ్‌ఎక్స్-991 ఎంఎస్‌ని. నాలో 401 ఫంక్షన్లున్నాయి. మాట్రిక్సులు, ఇంటిగ్రేషను, ప్లాంక్ స్థిరాంకంతో కలిపి 40 స్థిరాంకాలు, అన్నీ కడుపులోనే. ఇంత చదువుండీ కాకినాడ జేఎన్‌టీయూ హాస్టల్లో నేను ఎక్కువగా చేసిన పనేమిటంటే చెప్పడానికి సిగ్గేస్తుంది. మెస్ బిల్లు!

మాది డివైడింగ్ మెస్. నెల ఖర్చు మొత్తాన్ని అందరూ తిన్న రోజులతో భాగిస్తే రోజు రేటు. దాన్ని ఎవరు తిన్న రోజులతో వాళ్ళు గుణించుకోవాలి. లిస్టు పెట్టిన సాయంత్రం నేను గదిగదికీ తిరగాల్సిందే. "నెలకి రెండు ఫీస్టులు పెడితే రేటు పెరగదేంట్రా?" అని ఒకడు, "పండక్కి ఇంటికెళ్తే మెస్ కట్ వెయ్యలేదు" అని ఇంకొకడు.

మా వాడిది పలాస. సామర్లకోటలో రైలు దిగి, బస్సెక్కి కాలేజీలో చేరిన వారంలోనే ఒక సీనియరన్న దగ్గర నన్ను సగం ధరకి కొన్నాడు. వాళ్ళమ్మ జీడిపిక్కల నుంచి పప్పు తీసే పనికెళ్తుంది, కూలి కిలోల లెక్కన. ఆదివారం ఫోన్లో ఆవిడ రోజువారీ కిలోలు చెబుతుంటే వీడు నా మీద కూడతాడు. నేను మొత్తం చూపించేలోగా ఆవిడే చెప్పేస్తుంది. ఒక్కసారీ నేను గెలిచింది లేదు. దసరాకి వెళ్ళినప్పుడు నన్ను చేతిలోకి తీసుకుంది. జీడిసొనకి వేళ్ళ కొసలు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. "దీనికా నాన్నా అంత డబ్బు పోశావు?" అంది.

పరీక్షలప్పుడు మాత్రం నా మర్యాదే వేరు. ఇన్విజిలేటరు మూత లాగి, లోపల పెన్సిలు రాతలున్నాయేమోనని వెలుతురుకి తిప్పి మరీ చూస్తారు. ఫస్టియర్లో పక్కగదివాడు నన్ను అరువు తీసుకుని రేడియన్లలో పెట్టి తిరిగిచ్చాడు. మర్నాడు హాల్లో మా వాడు సైన్ 30 కొట్టాడు. అర రావాల్సిన చోట మైనస్ 0.988 వచ్చింది. తెర మీద 'ఆర్' అక్షరం కనిపిస్తూనే ఉంది, చూస్తే కదా! గదికొచ్చి నన్ను మంచం మీదికి విసిరికొట్టాడు. నేనేం చేశాను?

ఫోర్తియర్లో గేట్ పిచ్చి పట్టింది. ఆ పరీక్షకి నాకు ప్రవేశం లేదు. కంప్యూటరు తెర మీదే ఒక బొమ్మ క్యాలిక్యులేటరు ఇస్తారు, మౌసుతో నొక్కుకోవాలి. దానికి అలవాటు పడాలని నన్ను సొరుగులో పడేశాడు.

వెళ్ళిపోయే ముందు నన్ను బేరానికి పెట్టాడు. జూనియరు తిప్పి తిప్పి చూశాడు.

"అన్నా, ఇంటిగ్రేషన్ చేస్తుందా?"

"చేస్తుంది. స్టెప్పులు మాత్రం నువ్వే వెయ్యాలి తమ్ముడూ, మార్కులన్నీ వాటికే."

తను కొన్న ధరే చెప్పాడు మా వాడు. జూనియరు మూత మీద గీతలు చూపించాడు, ఐదో నంబరు మీట అరిగిందన్నాడు. చివరికి భానుగుడి సెంటర్లో ఒక బిర్యానీ మీద బేరం తెగింది. బిల్లు జూనియరే ఇచ్చాడు.