ఎవురి ఎడమ పక్క?

మా బెళ్ళందూరును ఇప్పుడు అందరూ నగరమనే అంటున్నారు. 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికెలో కలిపేసిన 110 గ్రామాల్లో ఇదీ ఒకటి. అప్పటిదాకా గ్రామ పంచాయతీయే. అదీ అలాంటిలాంటి పంచాయతీ కాదు, 1990ల చివర్లోనే లెక్కాపత్రాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి దేశమంతా పేరు తెచ్చుకున్న పంచాయతీ. నగరమయ్యాక ఆ 110 ఊళ్ళ దాహం తీర్చే కావేరీ ఐదో దశ ఎప్పుడు మొదలైందయ్యా అంటే 2024 అక్టోబరులో. కంప్యూటరు ముందొచ్చింది, పాతికేళ్ళకు కుళాయి వచ్చింది. మధ్యలో 2015లో ఒకసారి, 2017లో ఒకసారి, 2018లో ఇంకోసారి చెరువుకు నిప్పంటుకుంది. నీళ్ళు దొరకని చోట నీళ్ళు తగలబడటం మా ప్రత్యేకత.

వచ్చేవన్నీ ఇలా వరస తప్పి రావడం మాకు అలవాటే గనక, మా పై ఫ్లాటు కుర్రాడి సిగ్నలు కష్టం విన్నప్పుడు నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. వాళ్ళది పలమనేరు దగ్గర పల్లె. కౌండిన్య అడవి అంచు. పొలం గట్టున ఏనుగులు, జేబులోని ఫోనులో మూడు రాష్ట్రాలు. ఇంటి ముందు నిలబడితే ఆంధ్ర, వెనక దొడ్లోకెళితే కర్ణాటక స్వాగతం పలుకుతుంది, ఒక్కోరోజు తమిళనాడు కూడా పలకరించి పోతుంది. ముగ్గురూ పిలిచేవాళ్ళే, అన్నం పెట్టేవాడు ఒక్కడూ లేడు.

ఈ కుర్రాడు రింగురోడ్డు మీది ఒక గాజు భవనంలో కూర్చుని అమెరికాలోని ఏదో టెలికం కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఏ టవరు మీది ఏ యాంటెన్నా ఎన్ని డిగ్రీలు వంగాలో ఆ సాఫ్ట్‌వేరే చెబుతుంది. టెక్సస్‌లో గొడ్లు కాసుకునే ఆసామికి పొలం మధ్యన సిగ్నలు తగ్గితే, బెళ్ళందూరులో మావాడి తెర మీద ఎర్రచుక్క వెలుగుతుంది. వెంటనే సరిచేస్తాడు. పలమనేరులో పాల డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవడానికి వాళ్ళ నాయన మిద్దె ఎక్కితే మాత్రం ఏ చుక్కా వెలగదు.

"కంపెనీకి ఫోన్ చేయలేదా?" అన్నాను.

"చేసినా అన్నా. మీ పిన్‌కోడ్‌లో ఫైవ్‌జీ ఉందన్నారు."

పిన్‌కోడ్‌లో ఉంది నిజమే. పిన్‌కోడ్ అంటే పోస్టాఫీసుది. ఆ పోస్టాఫీసు కింద ఎన్ని పల్లెలున్నా కంపెనీ లెక్కకు అన్నీ ఒకటే. అందరి ఇళ్ళూ పోస్టుడబ్బాలోనే ఉంటాయని వాళ్ళ నమ్మకం కాబోలు. తర్వాత మనిషిని పంపారు. ఆయన మోటారు సైకిలు దిగకుండానే ఫోను ఆకాశానికి చూపించి, ఫీజిబిలిటీ లేదని చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. వెళ్ళేదారిలో ఫోను చేసి దారి అడుగుదామనుకుంటే ఆయనకూ సిగ్నలు దొరకలేదట.

మన దేశంలో పల్లెకు ఇంటర్నెట్ ఇవ్వలేదని ఎవరూ అనడానికి వీల్లేదు. చాలాసార్లు ఇచ్చారు. 2011 అక్టోబరులో రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబరు వేస్తామని కేంద్రం నిర్ణయించింది. ఆ పథకానికి పేరు మారింది, గడువులు మారాయి, ప్రభుత్వాలు మారాయి. 2023 ఆగస్టులో దాన్ని సవరించి 1,39,579 కోట్లు కేటాయించారు. 2022 జులైలో ఇంకా సెల్ సిగ్నలే లేని 24,680 పల్లెలకు ఫోర్‌జీ తెస్తామని 26,316 కోట్ల పథకం ప్రకటించారు. ఆ తర్వాత మూడు నెలలు తిరక్కుండా అక్టోబరు 1న ఢిల్లీలో ఫైవ్‌జీ ప్రారంభించారు. నాలుగో మెట్టు కట్టకముందే ఐదో మెట్టు మీద రిబ్బను కత్తిరించడం మనకే చెల్లింది. మన ఆంధ్రలో 2017 డిసెంబరులో సాక్షాత్తూ రాష్ట్రపతి వచ్చి ఫైబర్‌నెట్ ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్. భూమి తవ్వే ఖర్చు లేకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగారు. ఆలోచన మంచిదే. గాలివానకు స్తంభం ఒరిగితే పాతకాలంలో ఒక్క కరెంటే పోయేది, ఇప్పుడు అన్నీ ఒకేసారి పోతాయి. పొదుపంటే అదీ.

ఇక తీగే లేని ఇంటర్నెట్ సంగతి. మిద్దె మీద చిన్న పెట్టె, టవరు నుంచి ఫైవ్‌జీ పట్టి ఇంట్లోకి వైఫై పంచుతుంది. తీగ చేరలేని చోటికి గాలి చేరుతుంది కదా, పల్లెలకు వరమన్నారు. 2023లో వినాయక చవితి నాడు ఒక పెద్ద సంస్థ దీన్ని మొదలుపెట్టింది. ఎక్కడెక్కడ అంటే ముంబై, ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాదు వగైరా ఎనిమిది మహానగరాల్లో. ఆకాశం కనపడనంతగా స్తంభానికి పాతిక తీగలు వేలాడే ఊళ్ళన్నమాట. ఆకలిగా ఉన్నవాడికి తర్వాత వడ్డిద్దాం, ముందు తిన్నవాడు ఏమంటాడో చూద్దామనే మర్యాద.

ఇవన్నీ చెప్పాక, అసలు బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. 2023 జనవరి దాకా మన దేశంలో 512 కేబీపీఎస్ వస్తే అది బ్రాడ్‌బ్యాండే. ఆ నెలలో దయతలచి 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. కాబట్టి మనవడి ముఖం తెర మీద ముక్కలు ముక్కలుగా కదిలినా, ఆ ముక్కలు చట్టబద్ధమైన బ్రాడ్‌బ్యాండ్‌లోనే కదులుతున్నాయని తాతలు తృప్తి పడవచ్చు.

మా కుర్రాడు ఇక లాభం లేదనుకున్నాడు. సిమ్ పెట్టుకునే ఫోర్‌జీ అవుట్‌డోర్ రౌటరు ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాడు. మామూలు యాంటెన్నా కొని కిందికి కేబుల్ లాగితే, పైన పట్టిన సిగ్నల్లో చాలా భాగం ఆ కేబులే మింగేస్తుంది. అందుకని సిమ్మూ రౌటరూ యాంటెన్నా అన్నీ ఒకే పెట్టెలో ఉండి పైపు కొసన కూర్చునేది తీసుకున్నాడు. కిందికొచ్చేది ఒక్క ల్యాన్ వైరే. అదే పైకి కరెంటు మోస్తుంది, అదే కిందికి డేటా మోస్తుంది. పెట్టె ఊరికి చేరింది. మరి పైపు? చిత్తూరు జిల్లా రైతుకు పైపు కొనాల్సిన కర్మేమిటి? ఎండిపోయిన బోర్లోంచి పీకిన జీఐ పైపులు గోడవారన పడున్నాయి. నీళ్ళు తేలేని పైపు సిగ్నలన్నా తెస్తుందేమో చూద్దామన్నాడు పెద్దాయన.

ఆదివారం పొద్దున ఆపరేషను. నేను పై ఫ్లాటులో కాఫీ తాగుతూ సాక్షిగా ఉన్నాను. స్పీకర్లో నాయన. ఆయన చేతుల్లో పైపు. అమ్మ చేతుల్లో రెండు ఫోన్లు, ఒకదాంట్లో కొడుకు, ఇంకోదాంట్లో సిగ్నలు బలం చూపించే యాప్. వీడియో కాల్ పెట్టుకుంటే తేలికే గానీ, వీడియో కాల్ వచ్చేటట్టుంటే ఈ పైపెందుకు?

"ఎంత చూపిస్తాండాది అమ్మా?"

"మైనస్ నూట పన్నెండు."

"బాగలేదు. నాయనా, కొంచెం ఎడమకు తిప్పు."

"ఎవురి ఎడమకిరా? నా ఎడమా, టవరు ఎడమా?"

"నీ ఎడమే."

"నేను పైపుకి ఈ పక్కన ఉండా. మీయమ్మ ఆ పక్కనుండాది. ఆమె అటు తిప్పమంటాది."

కాల్ కట్టయింది. మావాడు మళ్ళీ కలిపాడు. చింతచెట్టుకు కుడివైపు చూడమన్నాడు. చింతచెట్టు సంగతి తమాషాగా ఉంటుంది. ఆకుల్లో నీళ్ళుంటాయి, ఆ నీళ్ళు సిగ్నలును పీల్చేస్తాయి. ఎండాకాలం ఆకు రాలినప్పుడు బాగా పట్టిన పెట్టె, చిగురేశాక మూగబోతుంది. 700 మెగాహెర్ట్జ్ లాంటి కింది బ్యాండ్ అయితే చెట్టుకూ గోడకూ అంతగా జంకదు, దూరం కూడా పోతుంది, కానీ వేగం తక్కువ. ఫైవ్‌జీ గొప్పగా పరుగెత్తే 3,300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ మహా వేగం, గోడ అడ్డొస్తే మాత్రం బాగా నీరసించిపోతుంది. ప్రకటనల్లో చూపించేది రెండోది. పల్లెకు కావాల్సింది మొదటిది.

"ఇప్పుడెంత అమ్మా?"

"తొంభై ఏడు."

"సూపర్! అక్కడే ఆపు నాయనా, కదలొద్దు!"

"ఏందిరా సూపరు? నూట పన్నెండు ఉన్నింది తొంభై ఏడుకి దిగిపాయె గదా."

"మైనస్ నాయనా. అప్పు మాదిరి, తగ్గితేనే మేలు."

ఆ మాట ఆయనకు క్షణంలో అర్థమైంది. అప్పు గురించి రైతుకు విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఆ పదిహేను అంకెల తేడాకు పెట్టెకు అందే బలం దాదాపు 30 రెట్లు పెరుగుతుందని మావాడు లెక్క చెప్పబోయాడు గానీ, అప్పటికి కాల్ మళ్ళీ కట్టయింది. టవరెక్కి మనిషి చేయాల్సిన పని మిద్దెక్కి అమ్మానాన్నా చేశారు. బిల్లు మాత్రం కంపెనీ వేస్తుంది. వీళ్ళు నయం. 2021 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌లో బ్రజేంద్ర సింగ్ యాదవ్ అనే మంత్రిగారు ఫోను మాట్లాడటానికి జాతరలోని 50 అడుగుల రంగులరాట్నం ఎక్కి కూర్చున్నారు. జనం సమస్యలు అధికారులకు చెప్పాలంటే సిగ్నలు కావాలి కదా అన్నది ఆయన వాదన. మంత్రికి రంగులరాట్నం, రైతుకు బోరు పైపు. ఎవరి హోదా వారిది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాం. కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టరుంది, పెట్టెలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఇంటర్నెట్ లేదు. కారణమేమంటే టవరు బ్యాటరీ చచ్చింది. పల్లెలో ఇంటికి బ్యాకప్ ఉంటుంది, ఊరికి ఉండదు.

ఆ తర్వాత సంక్రాంతి వచ్చింది. బెళ్ళందూరు, మారతహళ్ళి ఖాళీ అయ్యాయి. పీజీ హాస్టళ్ళలో తాళాలు, ఆంధ్రా మెస్సుల ముందు కుక్కలు. పోయినవాళ్ళెవరూ సెలవు పెట్టి పోలేదు, 'వర్క్ ఫ్రమ్ హోమ్' అని ల్యాప్‌టాప్ సంచితో పోయారు. రింగురోడ్డు మీద ఏడాది పొడుగునా ఉండే జామ్ అంతా ఆ వారం పల్లెలోని ఆ ఒక్క టవరు కిందికి చేరింది. మైనస్ తొంభై ఏడు అలాగే ఉంది, సిగ్నలు బ్రహ్మాండం, పేజీ మాత్రం తెరుచుకోదు. బలం వేరు, ఖాళీ వేరు. పెద్దాయన అరుగు మీద కూర్చుని, ఊరికొచ్చిన పిల్లకాయలందరూ ఫోన్లు పైకెత్తి వీధుల్లో తిరగడం చూసి, ఏనుగులే మేలన్నాడట. అవి పంట తిని పోతాయి, డేటా తినవు.

పల్లె సంగతి అలా ఉంటే నగరవాసులం మేమేదో సుఖపడుతున్నామనుకునేరు. 2022 వానల్లో ఇదే రింగురోడ్డు మునిగి, ప్యాకేజీలు లక్షల్లో ఉన్నవాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోవడం దేశమంతా చూసింది. సిగ్నలు విషయంలో మా అపార్టుమెంటుకు రెండు సిద్ధాంతాలున్నాయి. పొద్దున వాట్సాప్ గ్రూపులో, డాబా మీద టవరు పెడితే రేడియేషను వస్తుంది కాబట్టి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోమని తీర్మానం. సాయంత్రం అదే గ్రూపులో, పడగ్గదిలో కాల్ కట్టవుతోందని ఫిర్యాదు. ఇద్దరు ముగ్గురు ప్రబుద్ధులు రహస్యంగా బూస్టర్లు పెట్టుకున్నారు. అనుమతి లేని బూస్టరు నేరం, పైగా అది చుట్టుపక్కల అందరి సిగ్నలునూ చెడగొడుతుంది. దాంతో పక్కవాడు ఇంకా పెద్ద బూస్టరు కొంటాడు. పలమనేరు పెద్దాయన ఎవరికీ అన్యాయం చేయకుండా ఒక్క పైపు తిప్పుకున్నాడు, మేం ఇంజినీర్లం కాబట్టి సాంకేతికంగా కొట్టుకుంటున్నాం.

ఏ ఊళ్ళో సిగ్నలు ఎక్కడ అందుతుందో మ్యాపు వేసి వెబ్‌సైట్లో పెట్టాలని 2024 నిబంధనల్లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. మావాడు వాళ్ళ పల్లె వెతికాడు. నిండుగా రంగు పూసి ఉంది. మిద్దె, దొడ్డి, చింతచెట్టు, ఏనుగులు దిగే వంక, అంతటా ఒకే రంగు. ఆ మ్యాపును నాయనకు పంపితే తెరుచుకోవడానికి బాగా సేపు పట్టిందట.

పండగ వెళ్ళాక ఆయన ఫోనుకు ఒక మెసేజి వచ్చింది. మీ ప్రాంతంలో నెట్‌వర్కు మెరుగుపరిచాం, మీ అనుభవానికి ఐదుకు ఎన్ని స్టార్లిస్తారు అని. ఆయన కొడుక్కు ఫోన్ చేశాడు.

"ఏమిరా, ఈ మార్కులు యేసేది వాళ్ళకా, నాకా?"

"వాళ్ళకే నాయనా."

"అట్లయితే మైనస్ ఉండాదేమో చూడు."