లవణం ఏర్పడుటను గమనించితిని

మా అమ్మాయి పదో తరగతి. అంటే మా ఇంట్లో నలుగురమూ పదో తరగతే. తెల్లవారుజామున నాలుగున్నరకి అలారం మోగితే ముగ్గురం లేస్తాం. లేవనిది పరీక్ష రాయాల్సిన మనిషి ఒక్కతే.

మొన్నొక రాత్రి హాల్లో అటూ ఇటూ తిరుగుతూ గట్టిగా వల్లె వేస్తోంది. "యాసిడ్ ప్లస్ బేస్ గివ్స్ సాల్ట్ ప్లస్ వాటర్. యాసిడ్ ప్లస్ మెటల్ గివ్స్ సాల్ట్ ప్లస్ హైడ్రోజన్. యాసిడ్ ప్లస్ కార్బొనేట్ గివ్స్ సాల్ట్..." వంటింట్లోంచి మా అమ్మ తల బయటపెట్టి, "ఉప్పు డబ్బా ఇక్కడే ఉంది గదమ్మా, దానికింత స్తోత్రం దేనికి?" అంది.

"ఇంతకీ యాసిడ్ ఎప్పుడైనా చూశావా?" అని అడిగాను.

"చూశాను. వాచ్‌మన్ బాత్రూములు కడగడానికి తెస్తాడుగా."

"అది కాదమ్మా, బళ్లో."

"బళ్లో వీడియో వేశారు నాన్నా. బుడగలు భలే వచ్చాయి."

అనుమానం వచ్చి రికార్డు పుస్తకం తీశాను. రికార్డంటే మా బడిపిల్లల పాలిట పితృకార్యం లాంటిది. ఎందుకు చేస్తున్నామో తెలియకపోయినా పద్ధతి తప్పకూడదు. కుడివైపు పేజీలో గుండ్రటి అక్షరాలు, ఎడమవైపు తెల్లపేజీలో పెన్సిల్‌తో పరీక్షనాళిక, దానికి స్టాండు, స్టాండుకి నీడ కూడా వేసింది. కింద ఇలా ఉంది: "పరీక్షనాళికలో బుడగలు వెలువడుటను గమనించితిని. మండుచున్న పుల్లను మూతి వద్ద ఉంచగా టప్‌మను శబ్దమును వింటిని. లవణం ఏర్పడుటను గమనించితిని."

"ఎక్కడ గమనించితివే?"

"పోయినేడు అక్కవాళ్ల రికార్డులో."

ఆ అక్క ఎక్కడ గమనించిందని నేను అడగలేదు. తవ్వుకుంటూ పోతే ఎప్పుడో ఒక పిల్ల నిజంగానే చూసి ఉంటుందని నా నమ్మకం. ఆ మూలపురుషురాలి చెవిన పడ్డ టప్‌మను శబ్దమే ఇన్నేళ్లుగా రికార్డు నుంచి రికార్డుకి పాకుతూ వస్తోంది.

మా కాలం బంగారు కాలమని దరువెయ్యడానికి రాలేదు నేను. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు లాబంటే హెడ్మాస్టరు గదిలో మూల బీరువా. అందులో రెండు బీకర్లు, ఒక గరాటు, సీసాలో ఏదో పాము. అయినా మా సైన్సు సారు ఒక రోజు పాత టార్చిలైటు సెల్లు తెచ్చి, పైన అట్ట ఊడబీకి, జింకు డొక్కని కత్తెరతో ముక్కలు చేసి, పరీక్షనాళికలో వేసి యాసిడ్ పోశారు. ముక్కల చుట్టూ బుసబుస. వెనక బెంచీవాళ్లం బెంచీలెక్కాం. సారు అగ్గిపుల్ల గీసి మూతి దగ్గర పెట్టగానే కుక్కపిల్ల తుమ్మినట్టు చిన్న చప్పుడు, అంతే. మేం మళ్లీ మళ్లీ అడిగితే మూడుసార్లు చేశారు. మిగిలిన ద్రవాన్ని గిన్నెలో మరిగించి, అడుగున చేరిన తెల్లటి పొడి చూపించి "ఇదిగో, ఇదీ ఉప్పే, జింక్ క్లోరైడు" అన్నారు. మాలో ఒకడు వేలు చాపాడు, రుచి చూద్దామని. ఉప్పునీ కప్పురాన్నీ వేమన రుచితోనే విడదీశాడు గానీ, ఈ ఉప్పు దగ్గర ఆ పద్ధతి పనికిరాదని సారు వాడి వీపు మీద ఒక్కటిచ్చి బోధించారు. ఆ పాఠం వాడికే కాదు, క్లాసంతటికీ ఇప్పటికీ గుర్తుంది.

లవణమంటే కూరలో వేసేదొక్కటే కాదన్నది ఈ పాఠంలో అసలు ముక్క. ఆమ్లంలోని హైడ్రోజన్ స్థానంలో లోహమో, అమ్మోనియమో వచ్చి కూర్చుంటే తయారయ్యేదంతా లవణమే. ఆ లెక్కన మన ఊరి పచారీ కొట్టు సగం కెమిస్ట్రీ లాబు. మంగలిషాపులో గడ్డానికి రుద్దే పటిక లవణం. బాణసంచాలో వాడే సురేకారం లవణం. గిన్నెలకి కళాయి పూసేవాడు గుడ్డతో అద్ది రుద్దితే తెల్లగా పొగ లేచేదే, ఆ నవసాగరం కూడా లవణమే. పొలాల్లో వాడే మైలుతుత్తమూ అంతే. మా అమ్మాయికి పొటాషియం నైట్రేటు తెలుసు, అమ్మోనియం క్లోరైడు తెలుసు, కాపర్ సల్ఫేటు అయితే అణుభారంతో సహా తెలుసు. సురేకారం, నవసాగరం, మైలుతుత్తం అంటే మాత్రం "సిలబస్‌లో లేవు" అంది. ఒకే మనిషిని ఆధార్ కార్డులో గుర్తుపట్టి వీధిలో గుర్తుపట్టకపోవడమంటే ఇదే.

లెక్కలు మాత్రం అద్భుతంగా వచ్చు. ముప్ఫై ఆరున్నర గ్రాముల హైడ్రోక్లోరికామ్లంలో 40 గ్రాముల కాస్టిక్ సోడా కలిస్తే 58.5 గ్రాముల ఉప్పు, 18 గ్రాముల నీళ్లు. ఇటు కూడినా 76.5, అటు కూడినా 76.5. మా అపార్టుమెంటు మెయింటెనెన్సు లెక్కలు కూడా ఇంత చక్కగా తేలి ఉంటే మాకు రెండు అసోసియేషన్లు ఉండేవి కావు. ఆమ్లంలో నీళ్లు పొయ్యకూడదు, నీళ్లలోనే ఆమ్లం పొయ్యాలన్న జాగ్రత్త కూడా కంఠతా వచ్చు. వాళ్ల బళ్లో ఈ నియమాన్ని ఇంతవరకూ ఒక్కరూ ఉల్లంఘించలేదట. ఆమ్లం లేని చోట ఎంత భద్రత!

ఇలా ఉండగా గూడూరు దగ్గర నుంచి మా మేనమామ దిగాడు, సంచెడు నిమ్మకాయలతో. చదివింది ఐదో తరగతి. నిమ్మతోట మాత్రం నలభై ఏళ్లుగా చేస్తున్నాడు. భోజనం చేసి తాంబూలానికి సున్నం డబ్బా తీస్తుండగా నాకు బుద్ధి పుట్టింది. "మామా, ఆ సున్నం కాస్త ఇట్టియ్యి" అన్నాను.

చిటికెడు సున్నం గ్లాసుడు నీళ్లలో కలిపి, తేరుకున్నాక పైనీళ్లు ఐదు స్పూన్లు చిన్న గాజుగ్లాసులోకి వంపాను. అందులో పసుపు వేలికొసతో అద్ది వేశాను. నీళ్లు ఎర్రబారాయి. అమ్మాయి నోరు తెరిచింది. మా అమ్మ మాత్రం, "హారతి నీళ్లురా అవి. పెళ్లికూతురు గడప దాటినప్పుడల్లా కలుపుతూనే ఉన్నాం. దీనికి లక్ష రూపాయల ఫీజు కట్టావా?" అంది. ఫీజు మాటెత్తితే నా కడుపులోనూ ఊరేది హైడ్రోక్లోరికామ్లమే గనక నేనేం మాట్లాడలేదు.

నిమ్మరసం పిండి, పాత మందుసీసా తాలూకు డ్రాపర్ అమ్మాయికిచ్చాను. ఒక చుక్క వేసింది. పడ్డచోట పచ్చగా మెరిసింది. గ్లాసు తిప్పగానే మళ్లీ ఎరుపే. రెండు, మూడు, పది. పడ్డచోట పసుపు, తిప్పితే ఎరుపు. పదిహేను దాటేసరికి ఆ పసుపు మచ్చ చెదరడానికి కాస్త ఎక్కువసేపు పట్టడం మొదలైంది. మామ ఆకు నములుతూ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇరవై మూడు. ఇరవై నాలుగు. మా ఆవిడ సీరియల్ ఆపింది. ఇరవై ఆరో చుక్కకి గ్లాసంతా ఒక్కసారిగా పచ్చబడి, ఎంత తిప్పినా అలాగే ఉండిపోయింది.

"ఎండ్ పాయింట్!" అని అరిచింది అమ్మాయి. ఆ మాట అది వందసార్లు రాసి ఉంటుంది. అరవడం మాత్రం మొదటిసారి.

"మరి ఉప్పేదీ?" అంది మరుక్షణంలోనే. పనికొచ్చే ప్రశ్న. సున్నం, నిమ్మరసం కలిసి కాల్షియం సిట్రేటు అయిందని, ఆ నీళ్లలోనే ఉందని చెప్పాను. మా మామ గ్లాసుని దీపం వెలుగులో పెట్టి చూసి, "మేమూ ఇంతేలే అబ్బయా. కాకపోతే మాది వంద లీటర్లు" అన్నాడు.

ఏందో చెప్పమంటే చెప్పాడు. నిమ్మకి తెగుళ్లొస్తే బోర్డో మందు కొడతారు. కిలో మైలుతుత్తం యాభై లీటర్ల నీళ్లలో, కిలో సున్నం ఇంకో యాభై లీటర్లలో విడివిడిగా కలిపి, ఆ తర్వాత రెండూ ఒక డ్రమ్ములో పోస్తూ కర్రతో తిప్పుతారు. ఇనపడ్రమ్ము పనికిరాదు, ప్లాస్టిక్కే. మైలుతుత్తం గుణం ఎక్కువైతే ఆకు మాడిపోతుంది. సరిపోయిందో లేదో తెలియాలంటే బాగా తోమిన కత్తి ఒకటి అందులో కాసేపు ముంచి తియ్యాలి. అలుగు మీద ఇటుకరంగు తుప్పులాంటిది పట్టిందా, ఇంకా సున్నం పొయ్యాలన్నమాట. కత్తి తెల్లగానే వస్తే మందు సిద్ధం.

"తాతయ్యా, అది డిస్‌ప్లేస్‌మెంట్ రియాక్షన్! కాపర్ అయాన్లు మిగిలిపోతే ఐరన్ మీద డిపాజిట్ అవుతాయి. మాకు ఫస్ట్ చాప్టరే!" అంది మా అమ్మాయి.

"అయ్యేముండాదో నాకు తెలీదమ్మా. కత్తి ఎర్రబడితే తోట ఎండిపోద్ది, అది తెలుసు" అన్నాడు మామ.

అరవై పేజీల ఆ చాప్టరుకీ, ఐదో తరగతి చదివిన ఆ కత్తికీ మధ్య అప్పుడు కాసేపు పరిచయాలు జరిగాయి. నేను పక్కకి తప్పుకున్నాను. పది నిమిషాల తర్వాత అమ్మాయి నా దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "నాన్నా, ఇది పబ్లిక్‌లో వస్తుందా?"

దాని తప్పు లేదు. పుట్టిన దగ్గర్నుంచి ప్రపంచాన్ని మనం దానికి రెండు ముక్కలుగానే చూపించాం, వచ్చేది, రానిది అని. మార్కులే కొలబద్ద అనుకుంటే ఈ కథ వినండి. ఆమ్లం నీళ్లలో పడితే హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయని చెప్పిన అర్హీనియస్, అయాన్ల మీద 1884లో ఉప్సలా విశ్వవిద్యాలయానికి సిద్ధాంత గ్రంథం సమర్పిస్తే, ప్రొఫెసర్లు పెదవి విరిచి తక్కువ తరగతిలో ఎలాగో గట్టెక్కించారు. 1903లో అదే పనికి నోబెల్ వచ్చింది. ఆయన గనక మా వీధి చివర కార్పొరేట్ స్కూల్లో ఉండి ఉంటే, ఆ ర్యాంకుకి సి-సెక్షన్‌లో పడేసి, ఫ్లెక్సీలో ఫొటో కూడా వేసేవాళ్లు కారు. పి.హెచ్. స్కేలు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1909లో సోరెన్‌సెన్ దాన్ని తయారుచేసింది డెన్మార్కులో బీరు కంపెనీ ప్రయోగశాలలో. ఆ ముక్క పాఠ్యపుస్తకంలో పెడితే ఆ చాప్టరు ఒక్కటైనా మగపిల్లలు శ్రద్ధగా చదివేవాళ్లు.

తర్వాతి వారం స్లిప్ టెస్ట్. "తటస్థీకరణ చర్యకు నిత్యజీవితంలో ఒక ఉదాహరణ ఇచ్చి వివరింపుము. రెండు మార్కులు." మా అమ్మాయి యాంటాసిడ్ బిళ్ల రాయలేదు. సున్నపు నీళ్లు, పసుపు, ఇరవై ఆరు చుక్కలు, అన్నీ రాసింది. మార్జిన్‌లో చిన్న గ్లాసు బొమ్మ కూడా వేసింది. ఒక మార్కు వచ్చింది. రెండోది పోయిన చోట ఎర్రసిరాతో రెండే మాటలు: "కీలో లేదు."

పేరెంట్స్ మీటింగుకి వెళ్లాను. కెమిస్ట్రీ సారు కుర్రవాడు, మర్యాదస్తుడు. దగ్గరికొచ్చి చిన్నగా, "చాలా బాగా రాసింది సార్. నాకు నచ్చింది. కానీ పేపర్లు దిద్దేది నేనొక్కణ్నే కాదు, కీ పైనుంచి వస్తుంది. రెండు మార్కులు వేస్తే నన్నడుగుతారు" అన్నాడు. ప్రయోగాలు ఎందుకు చేయించరని అడిగితే నిట్టూర్చాడు. నలభై నిమిషాల పీరియడు, క్లాసులో అరవై మంది, డిసెంబరుకల్లా సిలబస్ అయిపోవాలి, జనవరి నుంచి రివిజన్. "నాకు మాత్రం టప్‌మనిపించాలని ఉండదా సార్?" అన్నాడు. ఆ మాట నమ్మాను. ఆయన మొహం చూస్తే మూడుసార్లు టప్‌మనిపించే రకంలానే ఉన్నాడు.

లాబు ఉంది. రెండో అంతస్తులో, అద్దాల తలుపుల వెనక. అడ్మిషన్ల రోజున మాకు చూపించిందే. బల్లల మీద సీసాలు వరసగా, లేబుళ్లు అతికించి, మూతలకి వేసిన సీలు తియ్యకుండా ఉన్నాయి. మూల అస్థిపంజరం. తలుపుకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందని సారుని అడిగితే ఆఫీసులో ఉంటుందన్నాడు. ఆఫీసులో ఇన్‌ఛార్జి దగ్గరన్నారు. ఇన్‌ఛార్జి మేడమ్, "అది ఇన్‌స్పెక్షన్‌కి తీస్తాం సార్, పిల్లలు బీకర్లు పగలగొడితే ఎవరు కడతారు?" అని, తాళంచెవి బహుశా పాత ఏ.ఓ. గారి దగ్గర ఉండిపోయి ఉంటుందన్నారు. ఆయన రెండేళ్ల క్రితం వేరే బ్రాంచికి మారిపోయారట.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. ఆమ్లమూ క్షారమూ కలిస్తే వచ్చేవీ ఆ రెండే గనక, ఈ చదువులో ఉప్పు ఎవరు తిన్నారో, నీళ్లు ఎవరు తాగుతున్నారో ఫీజు రసీదులు చూసి మీరే లెక్క కట్టుకోండి. నాకున్న పని వేరు. మార్చి వస్తోందంటే పబ్లిక్ పరీక్షలో ఏ ప్రశ్న వస్తుందో ముందే ఉప్పందించేవాళ్లకి మన దగ్గర కొదవ ఉండదు. వాళ్లకీ, ఆ వాట్సాప్ గ్రూపుల పెద్దలకీ, పాత ఏ.ఓ. గారిని ఎరిగినవాళ్లకీ ఒక్కటే మనవి: ప్రశ్నలు మాకొద్దు, ఆ లాబు తాళంచెవి ఎక్కడుందో దయచేసి ఉప్పందించండి.