నేనూ, నా తుపాను పాండిత్యం

మానుకోటలో, అంటే మా మహబూబాబాద్‌లో, తుపాను గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా కొన్నాళ్లు నన్నే అడిగేవారు. అడగకపోయినా నేనే చెప్పేవాణ్ని. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట టీవీలో వినపడితే చాలు, హోటల్ ముందు బెంచీ మీద నాకు జాగా దొరికేది. ఎందుకంటే నేను హుద్‌హుద్ తుపానును చూసినవాణ్ని. చూసిన మాట నిజమే. ఎట్లా చూశానన్నది మాత్రం ఇన్నేళ్లూ కడుపులోనే దాచుకున్నాను.

2014లో విశాఖపట్నంలో మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర పని చేసేవాణ్ని. అక్కయ్యపాలెంలో ఒక మేడ మీద అద్దెగది. అక్టోబరు 12 ఆదివారం నాడు తుపాను విశాఖ దగ్గరే తీరం దాటుతుందని ముందు నుంచీ చెబుతూనే ఉన్నారు. నాకు తెలిసిన పెద్ద గాలి అంటే మా దిక్కు ఎండాకాలం లేచే గాలిదుమారమే. నాలుగు మామిడికాయలు రాలతాయి, కరెంటు పోతుంది, కాసేపటికి చల్లబడుతుంది. శనివారం కింది ఇంటావిడ డ్రమ్ములు, బిందెలు, చివరికి కుక్కర్లో కూడా నీళ్లు పట్టుకుంటుంటే, "ఏంది పిన్నీ, పెండ్లి గిట్ల పెట్టుకున్నరా?" అని నవ్వాను. నా గదిలో అరబక్కెట్ నీళ్లున్నాయి. వాటిలో చొక్కా నానేశాను.

తెల్లారేసరికి సంగతి అర్థమైంది. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి అని పేపర్లో చదవడం వేరు. అది కిటికీ రెక్కను చట్రంతో సహా ఊడబీకుతుంటే మంచం అడ్డం పెట్టి దాన్ని భుజంతో నెట్టిపట్టుకోవడం వేరు. ఎయిర్‌పోర్టు పైకప్పే ఆగలేదు, నా కిటికీ ఎంత! ఇంతవరకు తప్పేం లేదు, ఎవరైనా భయపడతారు. అసలు తెలివితక్కువతనం మధ్యాహ్నం మొదలైంది.

గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. మబ్బు పలచబడి వెలుతురు కూడా వచ్చింది. గండం గడిచిందనుకుని చెప్పులేసుకుని మెట్లు దిగాను. సముద్రం ఎట్లుందో చూసొచ్చి ఊరికి ఫోన్ చేసి చెప్పాలని ఆశ. సిగ్నల్ లేదన్న సంగతి కూడా గుర్తు లేదు. పిన్ని తలుపు సందులోంచి కేకేసింది: "ఏటి బాబూ, ఎక్కడికి? సగమే అయింది. మళ్లీ తిరుక్కుని వస్తాది, లోపలికి రా."

అది తుపాను కన్ను అని ఆవిడకు తెలుసు. గాలి సుడి తిరుగుతుంటే మధ్యలో గాలి లేని చోటొకటి ఉంటుంది. అది నెత్తి మీది నుంచి దాటిపోయాక సుడి అవతలి సగం వచ్చి తగులుతుంది, అదీ ఎదురు దిక్కు నుంచి. పొద్దుట ఒక వైపుకు ఒరిగి ఎట్లాగో నిలబడ్డ చెట్లు రెండో దెబ్బకు వేళ్లతో లేచిపోయింది అందుకే. నేను వీధి మలుపు దాటానో లేదో ఆ రెండో దెబ్బ వచ్చింది. మూసి ఉన్న కిరాణా కొట్టు మెట్ల కింద దూరి, షట్టర్ తాళాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఒక రేకు కరెంటు స్తంభానికి చుట్టుకుపోయి తప్పెటలా కొట్టుకుంటోంది. ఒక చెప్పు పోయింది. మానుకోటలో ఈ ఘట్టం చెప్పేటప్పుడు మాత్రం "నడిరోడ్డు మీద నిలబడి చూసిన" అనేవాణ్ని.

తర్వాతి రోజుల్లో నా ఘనకార్యాలు ఇంకా ఉన్నాయి. కరెంటు లేదు, అది లేక నీళ్లు లేవు, పాలప్యాకెట్ కోసం లైను, పెట్రోలు కోసం లైను. ఊరి కొండలన్నీ ఎవరో నిప్పు పెట్టినట్టు గోధుమరంగుకు తిరిగాయి. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కలెక్టరేట్లో మకాం వేసి బస్సులోనే పడుకుంటున్నారని, ప్రధాని 14న వచ్చి వెయ్యి కోట్లు ప్రకటించారని అందరూ చెప్పుకుంటున్నారు. నా గోల నాది. మా వీధిలో అడ్డం పడ్డ చెట్టును ఎవరూ తియ్యడం లేదు. కార్పొరేటర్‌ను నిలదీస్తానని బయల్దేరి, ఆయన ఇల్లెక్కడని పదిమందిని అడిగాను. విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీకి 2012 నుంచి పాలకవర్గమే లేదని, నడిపేది అధికారులేనని పదకొండోవాడు చెప్పాడు. అన్నట్టు ఆ కార్పొరేషన్ ఎన్నికలు 2021 దాకా జరగనే లేదు.

పెద్దరోడ్డు మీదేమో మున్సిపాలిటీ లారీలు తిరుగుతున్నాయి. వేరే ఊళ్ల నుంచి తెచ్చిన పారిశుధ్య కార్మికులు, రంపాలు, జేసీబీలు అన్నీ అక్కడే. పెద్దోళ్ల రోడ్డుకే పనులా అని అక్కడ ఊడుస్తున్న ఒకామె మీద నోరు చేసుకున్నాను. పెద్దరోడ్డు తెరుచుకుంటే తప్ప అంబులెన్సూ రాదు, స్తంభాలు తెచ్చే లారీ కూడా రాదు. దాని తర్వాతే సందులు. ఈ లెక్క నాకు తోచలేదు. ఆమె చీపురు ఆపకుండానే, "చేతులున్నాయి కదా బాబూ? చిన్న కొమ్మలు పక్కకి లాగి పెట్టు, బండి వస్తే ఎత్తుకుపోతాం" అంది.

రోషం వచ్చింది. సాయంత్రం దాకా కొమ్మలు లాగి, చితికిన కూలర్లు, పగిలిన రేకులు కలిపి నా ఎత్తున కుప్ప పెట్టాను. వీధివాళ్లు మెచ్చుకున్నారు కూడా. తర్వాత లైన్‌మెన్లు వచ్చి స్తంభం ఎక్కడ పడిందని వెతకడం మొదలుపెట్టారు. స్తంభం ఉన్నది నా కుప్ప కిందే. తీగలతో సహా. వాళ్లు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, కుప్ప మాత్రం నేనే విప్పాను. మా సందుకు కరెంటు ఒక పూట ఆలస్యమైంది నా సేవ వల్లే.

అక్టోబరు 23న దీపావళి. ఎండిన కొమ్మలు ఊరంతా గుట్టలుగా ఉన్నాయి, టపాసులు కాల్చొద్దన్నారు. పండగ కూడా లాగేసుకున్నారని సణిగాను. కుప్పలోంచి ఒక ఆకు తీసి నలిపి పొడి చేస్తూ మరీ సణిగాను.

ఇంత విద్యతో ఊరికొచ్చి పడ్డాను. 2024 ఆగస్టు 31 రాత్రి మహబూబాబాద్‌లో వాన పట్టుకుంది. వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటుతోందని టీవీలో వస్తోంది. నాలోని పండితుడు లేచాడు. మేడ మీద రేకులగది ఉంది. దాన్లో బియ్యం బస్తాలు, పొలం పాసుపుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు. గాలికి రేకులు లేస్తాయి, అంతా కిందికి దించాల్సిందేనన్నాను. అమ్మ చీకట్లో రెండుసార్లు అడిగింది, "గాలి ఏదిరా?" అని. "వస్తది, నీకు తెల్వదు. ముందు ఊకుంటది, తర్వాత తిరుక్కుంటది" అన్నాను. విశాఖ పిన్ని చేసినట్టే డ్రమ్ములన్నీ నింపించాను. బస్తాలు మోసి ముందు గదిలో నేల మీద వరసగా పేర్చాను.

గాలి రాలేదు. రేకు ఒక్కటి కదల్లేదు. తెల్లవారుజామున గడప దాటి నీళ్లు లోపలికొచ్చాయి.

సముద్రం లేని ఊళ్లకు తుపాను వాగుల రూపంలో వస్తుంది. ఆ రాత్రి ఆకేరు పొంగి పురుషోత్తమాయగూడెం వంతెన మీదికి ఎక్కింది, కారులో వెళ్తున్న తండ్రీకూతుళ్లను తీసుకుపోయింది. సీతారాం తండా మునిగింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, పట్టాలు ఉట్టిగా గాలిలో వేలాడాయి. మా ఇంట్లో పోయింది వాటి ముందు చెప్పుకోదగ్గది కాదు. కానీ అది నా చేతులారా పోయింది. 2023 జులైలోనే భూపాలపల్లి పక్కన మోరంచపల్లిని వాగు ముంచి, మనుషుల్ని హెలికాప్టర్లతో తియ్యాల్సి వచ్చింది. పేపర్లో ఆ ఫొటోలు నేనే అందరికీ చూపించాను. చూపిస్తూ అన్నమాట: "ఇది వరద, తుపాను వేరే."

నీళ్లు తీశాక బురద మిగిలింది. ఎండితే పొరలుగా లేస్తుంది, అప్పుడు ఎత్తుదామన్నాను. కొమ్మలు ఎండేదాకా ఆగొచ్చు గానీ బురద ఆగదు, గట్టిపడి నేలను పట్టేస్తుంది. తడి మీదుండగానే పారతో గీకి, నీళ్లతో తొయ్యాలి. నల్లాలు రావడం లేదు. నేను నింపించిన డ్రమ్ములు మాత్రం మునగకుండా అరుగు మీదున్నాయి. అమ్మ ఆ నీళ్లతోనే ఇల్లంతా కడిగింది. ఇదొక్కటి చూసి నా పరువు కొంత నిలిచిందనుకున్నాను. ఆవిడ ఒక బస్తా మూతి విప్పి, ఉబ్బిన బియ్యం గుప్పెడు తీసి నా ముందు పెట్టింది.

"రేకులు లేవలే, బియ్యం నానినయ్. దోసెలు పోస్త, మీ వైజాగోళ్లను పిలువు."

2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చింది. 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు డోర్నకల్ స్టేషన్లో పట్టాలు నీళ్లలో ఉన్నాయి. 28 సాయంత్రం నేను ఇల్లు చేరేసరికే అమ్మ బస్తాలు పైకెక్కించడం మొదలుపెట్టింది, పక్కింటి పిల్లగాణ్ని సాయం పెట్టుకుని. మెట్లు ఇరుకని నిచ్చెన వేశారు. ఈసారి గాలి కూడా ఉండొచ్చు, రేకుల మీద నాలుగు బండలు పెడితే మంచిదని చెప్పబోయాను.

"ముందు నిచ్చెన గట్టిగ పట్టు" అంది.