ఆరు నిమిషాల సినిమా, గంటన్నర సభ

బడిపిల్లల సినిమా అంటే పిల్లలు రాసి, తీసి, నటించాక పెద్దలు వేదికెక్కి చూపించుకునేది. నిడివి ఐదారు నిమిషాలు. కోలార్ జిల్లా వేమగల్ లాంటి ఊళ్లో దీనికి సామగ్రి కొదవ లేదు. దగ్గర్లోని నరసాపుర పారిశ్రామికవాడలో 2020 నుంచి ఐఫోన్లు తయారవుతున్నాయి. వేమగల్‌లోనే హెలికాప్టర్లు కూర్చే కర్మాగారం వస్తోందని 2025లో ప్రకటించారు. కెమెరా పక్క ఊళ్లో, పైనుంచి షాటు తీసే వాహనం సొంత ఊళ్లో అన్నమాట. పిల్లవాడి చేతికి వచ్చేది మాత్రం నాన్న పాత ఫోను. అదీ ఆయన షిఫ్టు దిగి ఇంటికొచ్చాక, స్టోరేజీ నిండిందని అది మొరాయించేదాకా.

కథలు రెండు రకాలు. మొదటిది హీరో కథ. ఈ జిల్లాలో పాతతరానికి బీజీఎంఎల్ అంటే బంగారు గని, కొత్తతరానికి బీజీఎం అంటే హీరో నడకకు వేసే మోత. గనిని 2001 ఫిబ్రవరి 28న మూసేశారు; మోత 2018లో ‘కేజీఎఫ్’ సినిమాతో మొదలైంది, ఇంకా ఆగలేదు. కాబట్టి ఆరో తరగతి హీరో టమాట తోటలో దుమ్ము రేపుకుంటూ స్లో మోషన్‌లో వస్తాడు. దీనికి ఎవరి అభ్యంతరమూ ఉండదు.

రెండో రకం చెరువు కథ. బెంగళూరు వాడి వదిలేసిన నీటిని శుద్ధి చేసి, కేసీ వ్యాలీ పథకం కింద 2018 నుంచి కోలార్ చెరువులకు పంపుతున్నారు. పెద్దలు దాన్ని ఘనకార్యం అంటారు. పిల్లలు ఫోను పట్టుకుని గట్టుమీద కూర్చున్న తాతను, ‘ఈ నీళ్లు ముందు ఎవరివి తాతా?’ అని అడుగుతారు. ఎడిటింగ్‌లో మొదట ఎగిరిపోయేది ఆ షాటే. అందులో వెలుతురు సరిగా లేదని చెబుతారు.

సినిమా పూర్తయ్యాక భాష తేలాలి. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, కొట్టుకునేటప్పుడు రెండూ. పోటీ ఫారంలో భాషకు గడి ఒక్కటే. మేష్ట్రు కాసేపు ఆలోచించి, తనకు తప్పుల్లేకుండా రాయడం వచ్చిన భాష రాస్తారు.

తర్వాత చట్టం. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగంగా చూపే సినిమాకు సెన్సారు పత్రం ఉండాలి. ఉత్సవాలకు ప్రభుత్వం మినహాయింపు ఇవ్వవచ్చు. తల్లిదండ్రుల మార్గదర్శకత్వంలో చూడాల్సిన యూఏ వర్గం 2023 సవరణతో 7+, 13+, 16+గా చీలింది. పదేళ్ల దర్శకుడి సినిమాకు ‘యూఏ 13+’ పడితే, తన సినిమాకు తాను వెళ్లాలా వద్దా అన్నది అమ్మ తేల్చాలి. మన అమ్మలు ఈ అధికారాన్ని ఏ చట్టమూ లేకుండానే వాడుతున్నారు గనుక చిక్కేమీ లేదు.

ఇక ప్రదర్శన. తెర అంటే రెండు కిటికీల మధ్య బిగించిన తెల్లపంచె. గాలి వీస్తే హీరో ముఖం సాగుతుంది. విలన్ ముఖం సాగినా తేడా తెలియదు. కార్యక్రమం ప్రార్థనతో మొదలై స్వాగతం, దీపం, శాలువా, హారం, మైసూరు పేట మీదుగా అధ్యక్షుల వారి నాలుగు మాటలకు చేరుతుంది. నాలుగు మాటలకు నలభై నిమిషాలు. బడి కమిటీ (ఎస్‌డీఎంసీ) సభ్యుల్లో ఒకరి పేరు మరిచిపోయారని ఇంకో పది. సినిమా మొదలయ్యేసరికి ముఖ్య అతిథికి వేరే కార్యక్రమం గుర్తొస్తుంది. ఆయన లేచి వెళ్తుంటే ప్రొజెక్టరు వెలుగు వీపున పడి, దర్శకుడి పేరు ఆయన కోటుమీద కదులుతూ తలుపు దాటిపోతుంది. పేరు పడే భాగ్యం దర్శకుడికి అంత మాత్రమే. మూడో నిమిషంలో కరెంటు పోతుంది. వందన సమర్పణ చీకట్లోనూ జరుగుతుంది, దానికి కరెంటు అక్కర్లేదు.

ఇదే తతంగం పెద్ద ఎత్తున జరిగిన చోటు హైదరాబాద్. 1955లో పుట్టిన బాలల చలనచిత్ర సంస్థ రెండేళ్లకోసారి జరిపిన అంతర్జాతీయ ఉత్సవానికి గుర్తు బంగారు ఏనుగు. దానికి హైదరాబాద్‌ను శాశ్వత వేదికగా ప్రకటించారు. 2013 నవంబరులో జరిగిన 18వ ఉత్సవంలో పిల్లలు తీసిన సినిమాలకే విడిగా ‘లిటిల్ డైరెక్టర్స్’ పోటీ పెట్టారు. ఇది మంచి పని, ఇందులో వెక్కిరింపు లేదు. అసలైన తెర, అసలైన చీకటి, తమకు బంధువులు కాని ప్రేక్షకులు. పిల్లల సినిమాకు కావలసింది అంతే. వేమగల్ బళ్లో ఎవరు చప్పట్లు కొట్టారో చూస్తే ఎవరు ఎవరి మేనమామో తెలిసిపోతుంది.

20వ ఉత్సవం 2017లో జరిగింది. 2022లో ఆ సంస్థను జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. వేదిక శాశ్వతమే గానీ 2017 తర్వాత ఏనుగు ఆ దారిన రాలేదు. 2013లో పదేళ్లున్న దర్శకుడికి ఇప్పుడు ఓటు ఉంది.