సీఎన్‌సీ అంకుల్

ఈయన్ని గుర్తుపట్టడం తేలిక. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట డిజిటల్ వెర్నియర్ ఉంటుంది. పెళ్లిభోజనంలో గారె మందం కొలిచిన దాఖలాలున్నాయి. అపార్ట్‌మెంట్ పిల్లలకు ఈయన సీఎన్‌సీ అంకుల్. కింది ఫ్లాటు పిన్నిగారు పెట్టిన పేరు మాత్రం ఇక్కడ రాయదగ్గది కాదు.

రాణీగంజ్‌లో నట్లూ బోల్టులూ ఏరి, కోఠీ గుజరాతీ గల్లీలో వైర్లూ బోర్డులూ బేరమాడి, బాల్కనీలో సొంతంగా సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు కోసే మిషన్, కట్టుకున్నాడు. ఇంటికి ఓ అక్రిలిక్ నేమ్‌ప్లేట్ చేసుకోవాలని. బజార్లో చేయిస్తే ఎంతవుతుందో ఆయన్ని అడక్కండి. వాళ్లావిడ చెబుతారు, మిషన్ ఖర్చుతో పోల్చి మరీ.

నేమ్‌ప్లేటుకి 3 మిల్లీమీటర్ల షీటు చాలదా? చాలదు. 20 ఉండాలి. అసలు తంటా అక్కడే. అక్రిలిక్‌లో వేడి తొందరగా బయటికి పోదు. 100 డిగ్రీలు దాటితే మెత్తబడి ముదురుపాకంలా కోసే బిట్టుకు చుట్టుకుంటుంది, కోసిన గాడి వెనకాలే మళ్లీ అతుక్కుంటుంది. కొత్తవాళ్లు భయపడి నిదానంగా నడుపుతారు. దాంతో బిట్టు కోయడం మాని రుద్దడం మొదలెడుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. స్కూటర్ మీద 30 దాటని ఈ పెద్దమనిషి ఈ ఒక్క విషయంలో మాత్రం వీరుడు. "సింగిల్ ఫ్లూట్ బిట్టు, 18,000 ఆర్‌పీఎం, నిమిషానికి 1,800 మిల్లీమీటర్లు! అంటే చుట్టుకి 0.1 మిల్లీమీటర్ చిప్పు. వేడి ఆ చిప్పుతోనే ఎగిరిపోవాలి, తెలిసిందా?" అంటాడు లిఫ్టులో, పాలప్యాకెట్టుతో నిలబడ్డవాడితో.

చిప్పులు ఎగురుతాయి, నిజమే. కంప్రెసర్ గాలికి లేచి, స్టాటిక్ కరెంటుతో ఆయన ముంజేతి వెంట్రుకలకూ, పిన్నిగారు ఆరేసిన వాయిల్ చీరకూ అంటుకుంటాయి. ఎంత దులిపినా రాలవు. ఆయనేమో ఒక చిప్పుని గోటిమీద పెట్టుకుని, "చూశారా, వంకీ తిరిగింది, కరగలేదు" అని ఆవిడకే చూపిస్తాడు.

పొరకు 2 మిల్లీమీటర్ల చొప్పున దింపి, చుట్టూ 0.2 మిగిల్చి, చివర్న ఒక్క చుట్టుతో దాన్ని గీకేస్తాడు. తర్వాత ఆ ముక్క కేకుల ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర గంటల తరబడి మగ్గుతుంది. లోపలి ఒత్తిడి పోవాలట. ఆ రోజు ఇంట్లో కేకు ఉండదు. శానిటైజర్ రాసుకున్న చేత్తో దాన్ని ముట్టుకోబోతే ఇంతెత్తున లేస్తాడు. స్పిరిట్ తగిలితే ఒత్తిడి పోని అంచులో సన్న పగుళ్లు పాకుతాయి మరి. ఈ చాదస్తంలో న్యాయముంది.

ఇంత చేశాక నేమ్‌ప్లేట్ వచ్చిందా అంటే, గుమ్మానికి ఇప్పటికీ స్కెచ్‌పెన్నుతో రాసిన కాగితమే. ఇంట్లో మాత్రం ఒక్క అక్షరమూ చెక్కని దళసరి పలకలు కాఫీగ్లాసుల కిందా, ఫ్రిజ్ కాళ్ల కిందా, కదిలే టేబుల్ కిందా ఉన్నాయి. ఆయనకు కావలసింది పేరు కాదు, అంచు. ఏ వస్తువునీ ఎదురుగా చూడడు, పక్కకు తిప్పి చూస్తాడు. లేజర్‌తో కోసే మాటెత్తితే మొహం మాడుతుంది. "కాల్చి తెచ్చుకున్న మెరుపూ ఒక మెరుపేనా?"

మొన్న ఆఫీసులో ఆయన రిటైర్‌మెంట్ సభ. ముప్ఫయ్యేళ్ల సేవను పొగిడి, శాలువా కప్పి, పేరూ ఫొటో ఉన్న అక్రిలిక్ జ్ఞాపిక చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆయన దాన్ని పక్కకు తిప్పి, బొటనవేలితో అంచు తడిమి, మైకు ముందే అన్నాడు.

"లేజరే."