మిద్దె ఎక్కే మనిషేడీ?

మా రోజుల్లో మిద్దెను కనిపెట్టుకుని ఇంటికొక మనిషి ఉండేవాడు. మా అనంతపురం పల్లెల్లో అప్పుడు మట్టి మిద్దెలే ఎక్కువ. మృగశిర కార్తె ఇంకా రాకముందే బండ్లమీద చౌడు మట్టి తోలించి, మిద్దె నిండా పరిపించి, పగుళ్లు పూడ్చి, నీళ్లు పోయే తూముల్లో చెత్త తీసేవాళ్లు. ఒకరు గుర్తుచేసే పనిలేదు. చౌడు వేయని మిద్దె మొదటి వానకే కారేది. ఆ ఇంటి పెద్దకు నలుగురిలో తలెత్తుకోవడం కష్టమయ్యేది.

ఇప్పుడు సిమెంటు మిద్దెలొచ్చాయి, వాటిమీదికి సోలార్ ప్యానెళ్లు ఎక్కాయి. మంచిదే, నాకూ సంతోషమే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ వస్తోంది. కంపెనీలు ప్యానెళ్లకు 25 ఏళ్ల వారంటీ రాసిస్తున్నాయి. నా గోడల్లా ఒక్కటే: బిగించిన మేస్త్రీ దిగిపోయాక మళ్లీ ఆ మిద్దె ఎక్కేవాడు లేడు!

మా వీధిలో ఒక కుర్రాడిని అడిగితే, "వాన కడిగేస్తుందిలే పెద్దాయనా" అన్నాడు. ఏ వాన నాయనా? ఈ జిల్లాలో ఏడాదంతా కలిపి పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. సంక్రాంతి దాటితే నెలల తరబడి చుక్క ఉండదు, దుమ్ము మాత్రం రోజూ ఉంటుంది. వాళ్ల మిద్దె ఎక్కి చూశాను. ప్యానెల్ కింది అంచున, ఫ్రేమును ఆనుకుని, మట్టి వేలెడు వెడల్పున గడ్డకట్టింది. చినుకులు పడితే పైనున్న దుమ్ము జారి అక్కడే చేరుతుంది. ఒక మూలన పావురాల రెట్ట ఎండి రాయిలా అంటుకుంది. అంత చిన్న మరకేనని వదిలేస్తారు. కానీ ప్యానెల్‌లో సెల్స్ అన్నీ వరసగా ఒకదానితో ఒకటి కలిపి ఉంటాయి. ఒకదాన్ని కప్పేస్తే ఆ వరసంతా నీరసిస్తుంది, కప్పిన చోట వేడెక్కి సెల్ మాడిపోనూవచ్చు.

ఫోనులో యాప్ చూస్తున్నాం కదా అంటారు. మూడు కిలోవాట్లు మంచి ఎండరోజున 12 యూనిట్ల దాకా ఇవ్వాలి. తగ్గితే తగ్గిందని యాప్ చెబుతుంది. రెట్ట తుడవాలంటే మనిషి ఎక్కాల్సిందేగా!

మా పెద్దలు కార్తెలు చూసి పనులు చేసిన పద్ధతే ఈ ప్యానెళ్లకూ సరిపోతుంది. ఎండాకాలంలో రెండు వారాలకోసారి తెల్లవారుజామునే కడగాలి. ఎండకు కాలిన అద్దం మీద చన్నీళ్లు గుమ్మరిస్తే పగిలే ప్రమాదముంది. మెత్తని గుడ్డ చాలు, పీచూ సబ్బుపొడీ వద్దు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అవి అద్దం మీదే ఆరితే తెల్లటి పొర కడుతుంది, కాబట్టి వెంటనే తుడిచేయాలి. ప్యానెళ్ల మీద కాలు పెట్టకూడదు. వెలుతురున్నంతసేపూ, ఇన్వర్టర్ ఆపేసినా, ప్యానెళ్ల తీగల్లో కరెంటు ఉంటుంది. తడిచేతులతో వాటి జోలికి పోవద్దు.

ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఎండాకాలమంతా కడవెడు నీళ్లు పోస్తుండటం మా ఇళ్లలో పిల్లలకు అప్పగించిన పని. నేల ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచేయదు. ఇప్పుడు ప్యానెళ్ల ఎర్తింగ్ గుంత మూత ఎక్కడుందో ఇంట్లోవాళ్లకే తెలియదు. మొదటి ఉరుము ఉరిమేలోపు దాన్నీ, లైట్నింగ్ అరెస్టర్‌ను కూడా ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.

ఆషాఢం గాలి మామూలుది కాదు. రామగిరి కొండలమీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని నమ్ముకునే. అది మొదలవకముందే క్లాంపులు, నట్లు బిగించాలి. కార్తీకం వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలతాడు. మేలో పడని వాటర్ ట్యాంకు నీడ డిసెంబరులో ప్యానెల్ మీదికి సాగుతుంది. పక్కింటి వేపకొమ్మ సంగతీ అప్పుడే చూసుకోవాలి.

ఇదంతా కలిపితే నెలకు రెండు పూటల పని. చౌడు తోలినంత కష్టం ఇందులో లేదు. మట్టి మిద్దెకు ఇచ్చిన మర్యాద లక్షలు పోసి పెట్టుకున్నదానికి ఎందుకివ్వరు? ఇంట్లో మిద్దె ఎవరి బాధ్యతో పేరుపెట్టి తేల్చుకోండి. ఆ మనిషి ఈ ఆదివారం తెల్లారేసరికి గుడ్డ, బకెట్టు పట్టుకుని పైన ఉండాలి.